బరాత్‌లో కదిలిన సున్నా

కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలు నన్ను మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే: ఏ స్కానర్ కొనాలి? ఏదైనా కొనుక్కోండి. కారుకు తగిలిస్తే అది జబ్బుకు గుర్తుగా ఒక కోడ్ చూపిస్తుంది. ఆ కోడ్ ఎండలో వచ్చిందా వానలో వచ్చిందా, కారు పరుగెత్తుతుంటే వచ్చిందా పెళ్లివాళ్ల ముందు నిలబడి ఉంటే వచ్చిందా అన్నది మాత్రం చెప్పదు. అది కనుక్కోవడమే మన పని. మిగతాదంతా నట్లు విప్పడం, బిగించడం.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తాను, ఎందుకంటే ఇది ఎవరూ చెప్పరు. ఈ పని మహా సరదాగా ఉంటుంది. దగ్గుతూ, మూలుగుతూ షెడ్డుకు వచ్చిన ఇంజన్ ఎందుకు మూలుగుతోందో తెలిసిన క్షణంలో, గ్రీజు చేతులతోనే పక్కనున్న మనిషిని పట్టుకుని గిరగిరా తిప్పాలనిపిస్తుంది. నేను చాలామందిని తిప్పాను. చొక్కాలు పాడైనవాళ్లు తిట్టారు కూడా. ఇప్పుడు మోకాళ్లు కారు కిందికి దూరనివ్వడం లేదు కాబట్టి షెడ్డు వేరేవాళ్లకు అప్పగించి, ఇంట్లో కూర్చుని ఇది రాస్తున్నాను.

ఉస్తాద్ చెవి, నా మీటర్

నేను పని నేర్చుకున్నది మేడ్చల్‌లో, మహబూబ్ ఉస్తాద్ షెడ్డులో. తొంభైల్లో నిజామాబాద్ రోడ్డు మీద తిరిగే కార్లన్నీ గాలిలో పెట్రోల్ కలిపే కార్బొరేటర్ ఉన్నవే. ఉస్తాద్ పొడుగు స్క్రూడ్రైవర్ ఒక కొన ఇంజన్ మీద పెట్టి, రెండో కొన చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకునేవాడు. "ఇది తుమ్ముతాంది. పెట్రోల్ తక్కువ తాగుతాంది," అనేవాడు. స్క్రూ పావు చుట్టు తిప్పేవాడు. తుమ్ము ఆగిపోయేది. నాకు ఒళ్లు పులకరించేది.

నాకు ఆ చెవి రాలేదు. ఎంత ఆనించుకున్నా స్క్రూడ్రైవర్‌లో నాకు గడగడ తప్ప ఇంకేమీ వినబడలేదు. నాకు వచ్చినవి అంకెలు. ఇంగ్లీషులో ఉన్న మాన్యువల్ తెరిస్తే మాటలు సగం అర్థమయ్యేవి కావు కానీ పట్టికలు మాత్రం పూర్తిగా అర్థమయ్యేవి. వేడికి ఇంత రెసిస్టెన్స్, ఇంత గాలికి ఇన్ని వోల్టులు. వాటిని కూర్చుని కూడుకునేవాణ్ని, తీసేసుకునేవాణ్ని. అందుకే రెండువేల తర్వాత కంప్యూటర్ కార్లు వరుసగా రావడం మొదలైనప్పుడు షెడ్డులో ఇద్దరికి రెండు రకాల మూర్ఛ వచ్చింది. నేను సంతోషంతో, ఉస్తాద్ కోపంతో. మొదటి కారు బానెట్ ఎత్తి, కార్బొరేటర్ కోసం చాలాసేపు వెతికి, "దిల్ ఏడుందిరా దీనికి?" అని నన్ను అడిగాడు.

ఆ దిల్ ఒక డబ్బాలో ఉంటుందని చెప్పాను. ఇంజన్‌కు ఎంత పెట్రోల్ పోయాలో ఆ కంప్యూటర్ డబ్బా నిర్ణయిస్తుంది. అది గుడ్డిది. సెన్సర్లు చెప్పిందే దానికి లోకం. ఒక సెన్సర్ వేడి చెబుతుంది, ఒకటి గాలి చెబుతుంది, సైలెన్సర్ గొట్టంలో ఇంకొకటి పొగ వాసన చూస్తుంది. ఉస్తాద్ అంతా విని, "అంటే పది మంది చాడీలు జెప్తె ఇనే మాలిక్ అన్నమాట," అన్నాడు. ఇంతకన్నా బాగా చెప్పిన పుస్తకం నేను చూడలేదు.

ఖాళీ ట్యాంకు

ముందు చిన్న కేసు ఒకటి. అలియాబాద్ నుంచి ఒకాయన కారు తెచ్చేవాడు. ట్యాంకులో ఉండే పెట్రోల్ పంపు కాలిపోయేది. కొత్తది వేస్తే అదీ కాలిపోయేది. కరెంటు చూశాను, ఫ్యూజు చూశాను, ప్రెషర్ చూశాను. అంకెలన్నీ ముత్యాల్లా ఉన్నాయి. చివరికి కారును వదిలేసి మనిషిని అడగడం మొదలుపెట్టాను.

"పెట్రోల్ ఎంత పోస్తవన్నా?"

"పెట్రోలెందుకు? గ్యాస్ కిట్టు ఏపిచ్చిన గదా. స్టార్ట్ చెయ్యనీకి ఓ సుక్క ఉంటే సాలు."

ఆ పంపును చల్లగా ఉంచేది దాని చుట్టూ ఉండే పెట్రోలే. ఈయన పొదుపు కోసం ట్యాంకు ఎండబెట్టాడు. కారు గ్యాస్ మీద నడుస్తుంటే కూడా ఆ పంపు ఎండిన ట్యాంకులో ఊరికే తిరిగి తిరిగి మాడిపోయేది. "పావు ట్యాంకు ఎప్పుడూ ఉంచు," అన్నాను. మళ్లీ రాలేదు.

జబ్బు కారులో ఉంటుంది, కారణం కారు నడిపేవాళ్ల అలవాటులో ఉంటుంది. పార్టు తర్వాత పార్టు మార్చుకుంటూ పోయేవాణ్ని నేను మెకానిక్ అనను, దుకాణంవాడి సేల్స్‌మన్ అంటాను. ఎవరికైనా కోపం వస్తే రానివ్వండి. ఇక అసలు కథకు వస్తాను.

యాదగిరి కారు

గౌడవెల్లి యాదగిరి కొత్తగా తెల్ల కారు కొని కిరాయికి తిప్పేవాడు. మా దిక్కు కిరాయి కారుకు అన్నం పెట్టేది పెళ్లిళ్ల సీజనే. పెళ్లయ్యాక కొత్త జంటను కారులో కూర్చోబెట్టి, ముందు బ్యాండు వాయిస్తుంటే, జనం ఎగురుతుంటే, ఊరంతా తిప్పే బరాత్ ఉందే, అందులో కారు నడవదు, పాకుతుంది. మనిషి ముందు నడిచి వెళ్లి టీ తాగి తిరిగి వచ్చేసరికి కూడా కారు అదే మూల మీద ఉంటుంది.

ఆ కారు నిజామాబాద్ దాకా కొట్టినా దగ్గేది కాదు. బరాత్‌లో మాత్రం నల్ల పొగ కక్కి చచ్చిపోయేది. ఒక పెళ్లిలో చచ్చింది. నెట్టుకుపోయారు. ఇంకో పెళ్లిలో చచ్చింది. ఈసారి నెట్టకుండా తిట్టారు.

మూడోది యాదగిరి సొంత పెళ్లి. పిల్ల శామీర్‌పేట అమ్మాయి స్వరూప. కాబోయే మామ ఎల్లయ్య నేరుగా మా షెడ్డుకే వచ్చాడు. కూరగాయలు పండించే రైతు, నిదానంగా మాట్లాడే మనిషి. నాతో అన్నాడు:

"ఇగో సత్తన్నా, బండి మంచిదే, కాదంటలేను. కని రెండు పెండ్లిళ్లల్ల సచ్చింది. సచ్చే బండ్లె నా బిడ్డను కూసోవెట్ట. కిరాయికి ఇంకోటి మాట్లాడుకొమ్మను."

యాదగిరి అక్కడే ఉన్నాడు. "మామా, నా పెండ్లికే నేను ఇంకోని బండి దెస్తే, రేపు నా బండిని ఎవడు పిలుస్తడు? ఊరంత నవ్వదా?"

"బరాత్ నడిమిట్ల ఆగితే నవ్వదా?"

ఎల్లయ్య మంచి మనిషి కాబట్టి తలుపు పూర్తిగా మూయలేదు. "సత్తన్న నా ముందుకొచ్చి బండి ఆగదని జెప్తె, సూద్దాం," అని వెళ్లిపోయాడు. బరువు వచ్చి నా నెత్తిన కూర్చుంది.

బరాత్ తెప్పించుడు

కారును షెడ్డులో స్టార్ట్ చేసి వదిలేశాను. తుమ్మలేదు, దగ్గలేదు. ఫ్యాన్ తిరగడం, ఆగడం, మళ్లీ తిరగడం. పొగ సెన్సర్ వైరుకు మీటర్ పెట్టాను. పెట్రోల్ తక్కువైతే ఆ సెన్సర్ వోల్టులో పదో వంతు చూపిస్తుంది, ఎక్కువైతే పదింట తొమ్మిది వంతులు చూపిస్తుంది. ఆరోగ్యమైన ఇంజన్‌లో ఆ అంకె కిందికి, పైకి దూకుతూనే ఉంటుంది, తొక్కుడుబిళ్ల ఆడే పిల్లలా. ఈ కారులో చక్కగా దూకుతోంది. ప్లగ్గులు విప్పి చూస్తే మాత్రం మసి. అంటే ఎప్పుడో, ఎక్కడో పెట్రోల్ కుమ్మరించుకుంటోంది. నా ముందు కాదు.

"జబ్బు బరాత్‌ల వస్తాందన్నప్పుడు బరాత్‌నే తేవాలె గదరా," అన్నాడు ఉస్తాద్. "దిమాక్ లేదా నీకు?"

అది ఎగతాళికి అన్న మాట. కానీ నాకు నిజంగా దిమాక్ వెలిగింది. తేవాలి! బరాత్‌లో ఏమేం ఉంటాయో అన్నీ తేవాలి. నిదానం, వేడి, బరువు, పూలు, బ్యాండు. ఒక్కొక్కటే తీసేస్తూ పోతే ఏది తీసినప్పుడు జబ్బు పోతుందో అదే దొంగ.

బ్యాండువాళ్లు మధ్యాహ్నాలు ఖాళీగా ఉంటారు, ప్రాక్టీసు అనుకుని వచ్చేశారు. యాదగిరి కారుకు ఎప్పుడూ డెకరేషన్ చేసే శ్రీశైలం నిన్నటి పెళ్లిలో వాడిన పూలతో వచ్చాడు. ఇక మిగిలింది బరువు.

"పిల్ల బరువెంతుంటది యాదగిరీ?"

"అన్నా! నాకెట్ల తెలుస్తది? ఇంకా పెండ్లి గాలే!"

"సూసినవ్ గదా. అందాజ చెప్పు."

వాడు సిగ్గుతో ఎర్రబడ్డాడు. చివరికి పాత గేర్‌బాక్సు ఒకటి వెనక సీట్లో పెట్టి, దానిమీద ఫ్లైవీల్ అనే బరువు చక్రం పెట్టి, ఎర్ర గుడ్డ కప్పాం. పెళ్లికొడుకు సీట్లో ఉస్తాద్‌ను ఎక్కించాం. ఆయన మొదట "నేనెందుకురా" అన్నాడు గానీ, తుండుగుడ్డ తలపాగా చుట్టుకున్నాక దర్జా దానంతట అదే వచ్చేసింది.

పట్టపగలు, మేడ్చల్ బస్ డిపో దిక్కు మా బరాత్ బయలుదేరింది. ముందు డప్పులు, బాకాలు. వెనక పాకుతున్న కారు. లోపల అరవై దాటిన పెళ్లికొడుకు, పక్కన గేర్‌బాక్సు. కూరగాయల గంపలు దించి ఆడవాళ్లు నోళ్ల మీద చేతులు పెట్టుకున్నారు.

"అయ్యో, గీ ముసలాయనకు గిప్పుడు పెండ్లేందే?"

"పిల్ల ముసుగు తియ్యదేందే? గంత సిగ్గా?"

ఉస్తాద్ అద్దం దించి, "సిగ్గు గాదు, బరువు!" అని అరిచాడు. బాకా ఊదేవాడు నవ్వు ఆపుకోలేక బాకాలోకే నవ్వాడు, అది ఏనుగు తుమ్మినట్టు మోగింది. నేను డ్రైవర్ సీట్లో మీటర్ ఒళ్లో పెట్టుకుని, కన్నీళ్లు వచ్చేలా నవ్వుతూ, అంకె చూస్తున్నాను. దూకుతోంది. వెళ్లినంతసేపూ దూకింది, వచ్చినంతసేపూ దూకింది. కారు చావలేదు.

చచ్చింది!

షెడ్డు ముందు కారు ఆపాం, ఇంజన్ మాత్రం ఆపలేదు. అందరికీ టీ తెప్పించాను. యాదగిరి తాగలేదు. టైరు మీద కూర్చుని, "ఇగ కిరాయి బండి మాట్లాడుత తియ్ అన్నా," అన్నాడు. వాడి ముఖం చూడలేక అటు తిరిగాను.

శ్రీశైలానికి మాత్రం ఇంకో పనుంది. సాయంత్రం అతనికి నిజం పెళ్లి ఉంది. తన బల్బుల దండలో ఎన్ని కాలిపోయాయో చూసుకోవాలి. ఎదురుగా కారు ఉంది కదా అని బానెట్ ఎత్తి, బ్యాటరీ పక్కన ఏవో రెండు వైర్లకు దండ తగిలించాడు. ఎర్ర, పచ్చ, నీలం బల్బులు ఎండలో వెలవెలబోతూ వెలిగాయి.

నా చేతిలో టీ సగమైంది. ఇంజన్ చప్పుడు మారింది. గుడగుడ. ఇంకాస్త గుడగుడ. సైలెన్సర్‌లోంచి నల్లగా ఒక ఉండ బయటికి వచ్చింది. తర్వాత నిశ్శబ్దం.

"సచ్చింది!" అని అరిచాను. "ఉస్తాద్, సచ్చింది! సచ్చింది!"

టీ ఎటు పోయిందో తెలియదు. యాదగిరిని టైరు మీది నుంచి లేపి గిరగిరా తిప్పేశాను. వాడు బిక్కచచ్చిపోయి, "అన్నా, నా బండి సస్తె నువ్వెందుకు ఎగురుతున్నవే?" అన్నాడు. తలపాగా ఇంకా తీయని ఉస్తాద్ కారు దిగి, బల్బుల దిక్కు చూసి, నా దిక్కు చూసి, నిదానంగా తానూ రెండు చేతులూ లేపి ఎగరడం మొదలుపెట్టాడు. బ్యాండువాళ్లకు కారణం అక్కర్లేదు. వాయించేశారు.

బరాత్‌లో ఉండేవన్నీ తెచ్చాం, లైట్లు తప్ప. పగలు లైట్లు ఎవరు వేస్తారు?

సున్నా ఎక్కడుంది

ఇప్పుడు పిల్లలు జాగ్రత్తగా వినాలి.

మళ్లీ స్టార్ట్ చేసి, బల్బులు వెలుగుతుండగా పొగ సెన్సర్ వైరు చూశాను. మీటర్ నల్ల వైరు ఇంజన్ ఇనుముకు పెడితే 0.9 వచ్చింది, అక్కడే బిగుసుకుపోయింది. అంటే పెట్రోల్ ఎక్కువైపోయిందని సెన్సర్ గొంతు చించుకుంటోంది. కంప్యూటర్ మాత్రం ఇంకా ఇంకా పోస్తోంది. ఒళ్లో ఉన్న బిడ్డ కడుపు నిండిందని ఏడుస్తుంటే తల్లి ఇంకో ముద్ద పెట్టినట్టు. తల్లికి వినబడడం లేదా? లేక వేరే ఏదో వినబడుతోందా?

మీటర్ నల్ల వైరు తీసి, ఇంజన్‌కు కాకుండా, కంప్యూటర్ తన సున్నాగా లెక్కపెట్టుకునే సొంత ఎర్త్ వైరుకు పెట్టాను. అదే సెన్సర్, అదే క్షణం. 0.2!

ఒక్క వైరు మీద రెండు అంకెలు. నాకు ఒళ్లంతా గగుర్పొడిచింది. ఎందుకంటే అంకె ఎప్పుడూ తనంతట తాను నిలబడదు, సున్నా మీద నిలబడుతుంది. చెరువు లోతు కొలిచే కర్ర కింద ఎవరో రాయి పెడితే, కర్ర తప్పు కాదు, నీళ్ల తప్పు కాదు. ఇక్కడ ఎవరో కంప్యూటర్ కాళ్ల కింద రాయి పెట్టారు. దాని సున్నా 0.7 పైకి లేచింది. అందుకే 0.9 దానికి 0.2గా కనబడి, "అయ్యో, ఇంజన్ ఆకలితో ఉంది" అని పోస్తోంది.

రాయి ఎక్కడుందో వైరు పట్టుకుని వెళ్లాను. కంప్యూటర్ ఎర్త్ వైరు ఇంజన్‌కు బిగించే బోల్టు కిందే శ్రీశైలం తన నల్ల వైరు కూడా దూర్చి బిగించాడు. ప్రతి పెళ్లికీ బోల్టు విప్పడం ఎందుకని ఆ వైరును శాశ్వతంగా వదిలేసి, కొసకు శుభ్రంగా టేపు చుట్టాడు. ఆ టేపు నేను ముందే చూశాను. హారన్ వైరు అనుకున్నాను. దూర్చేటప్పుడు ప్లాస్టిక్ తొక్క కొంచెం బోల్టు కింద నలిగింది, ఇనుముకు ఇనుము సరిగా ఆనలేదు. లైట్లు లేనప్పుడు ఆ ఇరుకు సందులో కంప్యూటర్ కరెంటు ఒక్కటే పోతుంది, సరిపోతుంది. బల్బులు వెలిగితే వాటి కరెంటంతా అదే సందులో తోసుకుంటుంది, సున్నా లేస్తుంది. హైవే మీద బల్బులు ఎవరూ వెలిగించరు. బరాత్‌లో వెలిగించకుండా ఎవరూ ఉండరు.

"అంటే నేను జేసిన్నా?" అన్నాడు శ్రీశైలం, ముఖం చిన్నబుచ్చుకుని.

"నువ్వు వెలిగియ్యకపోతే ఇయ్యాల కూడ జబ్బు దొరకకపోతుండె. కూసో, ఇంకో టీ తాగు."

బోల్టు విప్పి, మురికి గీకి, కంప్యూటర్ వైరు ఒక్కదాన్నే మెరిసే ఇనుముకు బిగించాను. బల్బుల నల్ల వైరును తిన్నగా బ్యాటరీకే ఇచ్చాను. బల్బులు వెలిగించాం. పొయ్యి మీద అన్నం ఉడికేంత సేపు వదిలేశాం. అంకె దూకుతూనే ఉంది. ఒక్క పార్టు కూడా మార్చలేదు. ఉస్తాద్ స్క్రూడ్రైవర్ తెచ్చి ఇంజన్ మీద పెట్టి చెవికి ఆనించుకుని, "పాట వాడుతాంది," అన్నాడు. మీటర్ చెప్పినదాన్ని ఆయన ఖరారు చేశాకే నాకు పూర్తిగా నమ్మకం కుదిరింది.

శామీర్‌పేటలో

ఎల్లయ్య ముందుకు వెళ్లి చెప్పాను. సున్నా కథంతా ఓపిగ్గా విని, "నాకేం సమజ్ గాలే," అన్నాడు. "నువ్వే నడుపు. ఆగితే నువ్వే నెట్టు." అదే ఒప్పందం.

పెళ్లయింది. పొద్దుగూకుతుండగా పందిరి దగ్గర్నుంచి బరాత్ లేచింది. యాదగిరి, స్వరూప వెనక సీట్లో. నేను స్టీరింగ్ దగ్గర, మీటర్ నల్ల వైరు కంప్యూటర్ ఎర్త్‌కే ఇచ్చి, దాన్ని ముందు అద్దం కింద ఆనించుకుని. శ్రీశైలం ఈసారి పంతంతో ఉన్న బల్బులన్నీ కట్టాడు. కారు పక్కనే ఎల్లయ్య నడుస్తున్నాడు. ఎగరడం లేదు, ఎవరితో మాట్లాడడం లేదు. చూపంతా బానెట్ మీదే.

మొదటి మూల దగ్గర బ్యాండు ఆగి ఒకచోటే వాయించడం మొదలుపెట్టింది. వెనక నుంచి స్వరూప ముందుకు వంగింది.

"గదేందన్నా? కరెంటు మీటరా?"

"మీ ఆయన బండి ఊపిరి చెల్లె. గా అంకె దూకుతాంటె బతికున్నట్టు. కింద వడి లేవకపోతే మనం దిగి నెట్టుడే."

"పట్టుచీర మీదనా? నేను నెట్ట," అని ఇంకా ముందుకు వంగి, అంకె మీద కళ్లు పెట్టింది.

కిటికీ దగ్గరికి ఎల్లయ్య వచ్చాడు. "నడుస్తాందా బిడ్డా?"

"పాయింటు రెండు నాయినా."

ఆయన ముఖం వాడిపోయింది. "అంటే?"

"పాయింటు ఎనిమిది! ఆ... మల్ల రెండు! మల్ల ఎనిమిది! దూకుతాంది నాయినా!"

వెనక నడిచే బంధువు ఎవరో "ఏమైందట?" అని అడిగాడు. "దూకుతాందట," అన్నాడు ఎల్లయ్య. "దూకుతాందట!" అని ఆయన ఇంకొకరికి చెప్పాడు. ఏం దూకుతోందో ఒక్కరికీ తెలియదు. కానీ ఆ మాట బరాత్ ముందు దాకా పోయింది, ఎగిరేవాళ్లు ఇంకా ఎత్తుకు దూకడం మొదలుపెట్టారు. స్వరూప మూల మూలకూ అంకెలు అరిచి చెబుతూనే ఉంది. యాదగిరి ఆమెను చూస్తూ, నోరు తెరిచి, కారు సంగతే మరిచిపోయాడు.

ఊరంతా తిరిగి ఎల్లయ్య ఇల్లు వచ్చింది. గడపలో హారతి పళ్లెంతో ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. బ్యాండు ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఇంజన్ ఒక్కటే, మెత్తగా, మానకుండా, తిరుగుతోంది. ఎల్లయ్య పూలు పక్కకు జరిపి బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు. నేను తాళం మీద చెయ్యి పెట్టాను.

"ఆపకు," అన్నాడు.

చుట్టూ తిరిగి వచ్చి, నా పక్క సీటు తలుపు తీసి, లోపల కూర్చున్నాడు. "నాయినా, హారతి!" అని స్వరూప అంటున్నా వినలేదు. మీటర్ తీసి తన ఒళ్లో పెట్టుకుని, బ్యాండువాళ్ల దిక్కు చెయ్యి ఊపాడు.

"ఇంకో చక్కర్ కొట్టు సత్తన్నా. ఈసారి నేను జెప్త అంకెలు."